బ్రోస్ క్విల్టీ రైటో అన్నాడంటే

మా యారెన్ క్రీక్‌లో కాదనడానికి ఒక్క మాట చాలు. అవుననడానికే మాటలు బోలెడు. నేను ఆరో తరగతితో బడికి దణ్ణం పెట్టినదాన్ని. పుస్తకాల సంగతి నాకు అంతగా తెలియదు గానీ, ఎవరి ఒప్పుకోలు ఎంత బరువో చేత్తో ఎత్తకుండానే చెప్పగలను. మా ఆయన స్టాన్ ‘ఐ సపోజ్’ అన్నాడంటే, ఒళ్లు లోపలికి వచ్చింది, మనసు మాత్రం బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి ఉందని లెక్క. పక్కింటి గ్వెన్ ‘ఇఫ్ యూ సే సో’ అన్నదంటే పని చేసిపెడుతుంది, అది చెడితే మాత్రం పదేళ్లపాటు మన పేరే చెబుతుంది. పోస్టాఫీసు కెల్విన్ ‘ఫెయిర్ ఎనఫ్’ అంటాడు. నువ్వన్నది న్యాయమేనమ్మా, నాకు నచ్చకపోయినా, అని దానికి తాత్పర్యం. ఇవన్నీ సగం సగం ఒప్పుకోళ్లు. ఇంటికి పట్టుకెళ్లి చూసుకుంటే తూకం తగ్గుతాయి.

తూకం తగ్గని మాట ఒక్క మనిషి దగ్గరే చూశాను. అతను ఆంబ్రోస్ క్విల్టీ. ఊరంతా బ్రోస్ అనేవాళ్లం. గొర్రెల ఉన్ని కత్తిరించడం అతని పని. ఏదైనా ఒప్పుకోవలసి వస్తే బ్రోస్ వెంటనే నోరు తెరిచేవాడు కాదు. టోపీ తీసి, వెల్లకిలా తిప్పి, అడుగున ఏదో రాసిపెట్టి ఉన్నట్టు లోపలికి చూసేవాడు. ఒక్కోసారి అర నిమిషం, ఒక్కోసారి టీకి నీళ్లు మరిగేంత సేపు. తర్వాత టోపీ నెత్తిన పెట్టుకుని ‘రైటో’ అనేవాడు, సరేనన్నట్టు. అంతే. ఆ మాట అన్నాక ఇక ఆ విషయం మీద సణుగుడు లేదు, మూతి ముడుచుకోవడం లేదు, బీరు పడ్డాక ఎత్తిపొడవడం కూడా లేదు.

మెర్ల్ హాకింగ్‌కి తెలియకుండా మా ఊళ్లో కోడి కూడా గుడ్డు పెట్టదని నా వెనక అంటారు. నా ముందు కూడా అంటారు. నేనేం కాదనను. కానీ నా జన్మలో ఇరవయ్యారేళ్లు కడుపులో దాచుకున్న మాట ఒక్కటుంది. అది బ్రోస్‌ది. దానితో సంబంధం ఉన్నవాళ్లంతా ఇప్పుడు మిట్ట మీది సమాధుల్లో పక్కపక్కనే పడుకుని ఉన్నారు గనక రాస్తున్నాను.

బ్రోస్ మొదటి రైటో నేను విన్నది యుద్ధం అయిపోయిన మరుసటేడు. వాళ్ల నాన్న ముసలి క్విల్టీ పోయాక లాయరు గారి గదిలో వీలునామా చదివారు. అప్పట్లో నేను ఆ ఆఫీసులో ఊడ్చి తుడిచే పిల్లని. వరండా తుడుస్తున్నాను. తుడిచిన చోటే నాలుగుసార్లు తుడిచాను. కిటికీ తెరిచే ఉంది.

భూమి అంతా, గొర్రెలన్నీ, షెడ్డుతో సహా పెద్దకొడుకు లియోకి. చిన్నకొడుకు బ్రోస్‌కి ఒక జీను, ఒక గడియారం. ముసలాయన భూమిని ముక్కలు చేయడం ఇష్టంలేక అలా రాశాడు. బ్రోస్ అప్పటికి పన్నెండేళ్ల వయసు నుంచీ ఆ భూమి మీద చాకిరీ చేసినవాడే. లాయరు గారు కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. లియో నేలకేసి చూస్తున్నాడు. లియో భార్య ఎనిడ్ బ్రోస్ ముఖంకేసే చూస్తోంది, దొంగ కోసం కాపలా కాసినట్టు. బ్రోస్ టోపీలోకి చూశాడు. నా చేతిలో గుడ్డ ఆరిపోయింది, అంతసేపు చూశాడు.

“రైటో,” అన్నాడు.

మరుసటి సోమవారం వెళ్లి ఉన్ని కత్తిరించే జట్టులో చేరాడు. ఊళ్లో ఎవరూ నమ్మలేదు. ఆ రైటో లోపల పురుగుంది, ఎప్పుడో ఒకప్పుడు బయటికి వస్తుందన్నారు. అందరికంటే గట్టిగా నమ్మనిది ఎనిడ్. పాపం, ఆవిడ స్వభావమే అంత. ఎనిడ్ నోట ఎప్పుడూ ‘ఐ సపోజ్’ తప్ప పూర్తి ఒప్పుకోలు వచ్చేది కాదు. తను సగమే ఒప్పుకునే మనిషి, ఇంకొకడు మొత్తం ఒప్పుకున్నాడంటే ఎలా నమ్ముతుంది?

పదిహేనేళ్లు గడిచాయి. పురుగు బయటికి రాలేదు. ఏటా వసంతంలో బ్రోస్ జట్టు అన్న షెడ్డుకి కూడా వచ్చేది. నాన్న కట్టిన షెడ్డులో కూలివాడిగా వంగి, అన్న గొర్రెలకు ఉన్ని తీసి, కూలీలు పడుకునే గదుల్లో పడుకుని వెళ్లేవాడు. ఆ జట్టు అతన్ని తమ పెద్దగా ఎన్నుకుని అప్పటికి పన్నెండేళ్లు. యజమానితో మాట్లాడాలన్నా, తగువు తీర్చాలన్నా, చీటీలు లెక్కపెట్టాలన్నా అతనే.

చీటీల సంగతి చెప్పాలి. తడిసిన గొర్రెకు ఉన్ని తీయకూడదు. రోజంతా తడి ఉన్నిని ఒళ్లో పెట్టుకుని వంగితే కురుపులు లేస్తాయి, కీళ్లు పట్టేస్తాయి, ఛాతీలోకి దిగుతుంది. మరి గొర్రె తడిగా ఉందా పొడిగా ఉందా అని చెప్పేదెవరు? యజమాని పొడి అంటాడు, ఒళ్లు బరువైనవాడు తడి అంటాడు. అందుకని ప్రతి ఒక్కడూ రెండేసి గొర్రెలకు ఉన్ని తీసి చూసి, ఒక చీటీ మీద తడి అనో పొడి అనో రాసి డబ్బాలో వేస్తాడు. ఎక్కువ ఏది వస్తే అది. ఎవడేం రాశాడో ఎవడూ అడగకూడదు, ఎవడూ చెప్పకూడదు. లెక్క అవగానే చీటీలన్నీ వంటమనిషి పొయ్యిలోకి. ఓడినవాడు నోరు మూసుకోవాలి. కొందరికి అది చేతనయ్యేది కాదు. బ్రోస్‌కి ఊపిరి పీల్చినంత తేలిక.

ఆ జట్టుకి నేను మూడేళ్లు వంటమనిషిని. అంటే పొయ్యి నాది.

అరవై ఒకటో సంవత్సరం వసంతం చివర, నవంబరులో లియో కాలు ట్రాక్టరు కింద పడి నలిగింది. మెల్బోర్న్ తీసుకెళ్లారు. సరిగ్గా అప్పుడే షెడ్డులో ఉన్ని పని మొదలైంది. ఇరుగుపొరుగు వాళ్లంతా గోధుమ కోతల్లో తలమునకలై ఉన్నారు. ఎనిడ్ ఒక్కతే మగరాయుడిలా గొర్రెల్ని తోలుకొస్తూ, ఉన్ని తీసినవాటిని మేతకి పంపిస్తూ, ఉన్ని మూటలకు గుర్తులు వేయిస్తూ నిలబడింది. లియో గొర్రెల మీద పరాయి చెయ్యి పడనివ్వదు ఆవిడ.

మంగళవారం సాయంత్రం వాన పట్టింది. బుధవారం పొద్దున్న కాస్త తెరిపి ఇచ్చింది. అప్పుడే టపా బండి వచ్చింది. ఎనిడ్ ఉత్తరం పట్టుకుని తిన్నగా షెడ్డులోకి నడిచింది.

“బాతులొచ్చాయిరోయ్!” అని అరిచాడు టిచ్. పిట్టంత మనిషి, కొండంత నోరు. ఆడమనిషి షెడ్డులో అడుగుపెడితే అందరూ బూతులు దిగమింగుకోడానికి అలా అరుస్తారు. ఎనిడ్ అతనికేసి చూడనైనా చూడలేదు. ఉత్తరం కవరుతో సహా బ్రోస్ చేతిలో పెట్టింది. నేను అప్పుడే టీ కెటిల్ పట్టుకుని వెళ్లాను, ఆ టైముకి టీ ఇవ్వాలని రూలేం లేకపోయినా.

ఉత్తరం రాసింది నర్సు, చెప్పింది లియో. కాలు మోకాలి కింద నల్లబడింది, తీసేయాలి. శనివారం పొద్దుటికి కాగితం మీద సంతకం పెట్టకపోతే తర్వాత మోకాలు, ఆ తర్వాత మనిషే దక్కడంటున్నారు. ‘నేను పెట్టనన్నాను. ఎనిడ్ వచ్చి నా పక్కన నిలబడి సరే అంటేనే నేను సరే అంటాను. అంతవరకూ నా కాలు ఎవరికీ ఇవ్వను’ అని ఉంది.

శుక్రవారం పొద్దున్న ఏడింటికి రైలు. దాని తర్వాతది సోమవారమే. ఇంకా పదమూడు వందల గొర్రెలు మిగిలాయి, ఒకటిన్నర రోజు పని. ఇవాళ, రేపు ఉన్ని తీస్తే ఎనిడ్ రైలెక్కుతుంది. తీయకపోతే లేదు. ఇది అందరికీ అర్థమైంది. మాట్లాడకుండా తలా రెండు గొర్రెల్ని లాగి ఉన్ని తీశారు. ఎనిడ్ ఇంటికి వెళ్లి కూర్చుంది, ఆచారం ప్రకారం యజమాని చీటీల దగ్గర ఉండకూడదు గనక.

చీటీలు కోసిచ్చేది నేనే. పిండి సంచి కాగితం మడిచి కోస్తాను. ఆ రోజు నా బుర్ర ఉత్తరంలో ఉంది. తొమ్మిదికి బదులు ఎనిమిదే కోశాను. ఆఖరున నిలబడ్డ బ్రోస్‌కి చీటీ లేకపోయింది.

“మెర్ల్, నేను లెక్కలోకి రానా?” అన్నాడు.

“అయ్యో, ఉండు, ఇప్పుడే...”

“పర్లేదులే,” అని జేబులోంచి కవరు తీసి ఒక మూల చింపి, దాని మీద రాసి వేశాడు.

డబ్బా బోర్లించి లెక్కపెట్టాడు. అయిదు తడి, నాలుగు పొడి.

రేకు కప్పు మీంచి నీటిచుక్కలు పడుతున్న చప్పుడు. ముందు నోరు తెరిచింది టిచ్చే.

“బ్రోస్, ఇంకోసారి వేద్దామా? ఈసారి వేరేగా వస్తుందేమో.”

“ఎందుకొస్తుంది?”

“ఒరే బాబూ, మీ అన్న కాలురా! నువ్వొక్క మాట అను, వంగుతాం. ఎవడూ ఏమీ అనుకోడు. ఏం ఆల్ఫ్?”

ఆల్ఫ్ జట్టులో అందరికంటే పెద్దవాడు. కిందటేడు తడి షెడ్డులో పని చేసి న్యుమోనియాతో నలభై రోజులు మంచం పట్టాడు. మాట్లాడబోయాడు, దగ్గు వచ్చింది. దగ్గుతూనే తలూపాడు, వంగుతానన్నట్టే.

బ్రోస్ ఆ దగ్గు ఆగేదాకా ఆగాడు.

“గొర్రెలు మా అన్నవని తొందరగా ఆరతాయా?” అన్నాడు. టోపీలోకి చూశాడు. పెట్టుకున్నాడు. “రైటో. తడి.”

డబ్బా నా చేతికిచ్చి వానలోకి నడిచాడు.

ఇక నా పాపం. వంటగదిలోకి వచ్చి పొయ్యి మూత తీశాను. వేసేయాలి, చూడకూడదు. మూడేళ్లలో ఎప్పుడూ చూడలేదు, ఒట్టు. కానీ అన్నీ గోధుమరంగు పిండి కాగితాల మధ్య ఆ ఒక్క తెల్లది నన్నే చూస్తోంది. చూస్తోందంటే మాట వరసకి కాదు. దాని మీద స్టాంపు ముక్క ఉంది, రాణి గారి సగం ముఖం, ఒక కన్ను. తిప్పాను. పెద్ద పెద్ద అక్షరాలు, బ్రోస్‌వి. తడి.

పిండి సంచి మీద చతికిలబడ్డాను. అతను ఒక్కడు పొడి అని రాసి ఉంటే అటు అయిదు అయ్యేవి. అన్న కవరు చింపి, అన్నకి వ్యతిరేకంగా రాశాడు. అంటే ఊరు అన్నది నిజమేనా? పదిహేనేళ్ల నాటి పురుగు ఇదేనా?

ఎనిమిది చీటీలు పొయ్యిలో వేశాను. తొమ్మిదోది ఏప్రన్ జేబులో వేసుకున్నాను. ఎండుద్రాక్ష కేకు ఒక ముక్క పళ్లెంలో పెట్టుకుని, దుఃఖంలో ఉన్న మనిషికి ఏదైనా తినిపించాలి కదా అనే వంకతో ఎనిడ్ ఇంటికి పరుగెత్తాను.

నేను వెళ్లేసరికి బ్రోస్ వంటగది గుమ్మంలో నీళ్లు కారుతూ నిలబడి ఉన్నాడు. విషయం చెప్పేసినట్టున్నాడు. ఎనిడ్ ముఖం పిండిలా ఉంది.

“ఎంతమంది?” అంది.

“అయిదు, నాలుగు.”

“ఒక్క చీటీ!” ఆవిడ బల్ల అంచు పట్టుకుంది. “నువ్వేం రాశావు?”

“అది చెప్పకూడదు, ఎనిడ్.”

“నాకు చెప్పు. వాళ్లకి కాదు, నాకు. పొడి అని రాశావా?”

“చెప్పకూడదు.”

“చెప్పకూడదా, చెప్పలేవా? పదిహేనేళ్లుగా కాచుకుని కూర్చున్నావు కదయ్యా! భూమి పోయిన కసి ఇవాళ తీరిందా? అక్కడ ఆ మనిషి కాలు కుళ్లిపోతోంది!”

నేను కేకు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఒక్క అబద్ధం చాలు. పొడి అనేస్తే ఆవిడ చల్లబడుతుంది, చీటీలు కాలిపోయాయి, ఎవరికి తెలుస్తుంది? నా జేబులో ఉందని అతనికి తెలియదు. అనవయ్యా, అనేసెయ్ అని నేను లోపల గింజుకుంటున్నాను.

బ్రోస్ అనలేదు.

“శుక్రవారం రైలెక్కు,” అన్నాడు. “నేనుంటాను ఇక్కడ.”

“నువ్వా? నీ కత్తెర?”

“వదిలేస్తాను. యజమాని వైపు ఉండి జట్టులో పని చేయకూడదు కదా.”

“నువ్వు జట్టు పెద్దవి. యజమాని తరఫున నిలబడితే మళ్లీ నిన్ను పెద్దగా పెట్టుకోరు. తెలుసా?”

“తెలుసు.”

ఆవిడ భయం నాకు తెలుస్తూనే ఉంది. ఆ షెడ్డు గుమ్మంలో యజమాని నిలబడే చోట ఒకసారి బ్రోస్ నిలబడ్డాడంటే మళ్లీ కదులుతాడా? ముసలాయన చిన్నకొడుకు, గొర్రెల వాసన పుట్టుకతో తెలిసినవాడు. చివరికి గోడకేసి చూస్తూ, “ఐ సపోజ్...” అంది.

“సపోజ్ వద్దు,” అన్నాడు బ్రోస్. అతను ఒకరి మాట తోసెయ్యడం అదే మొదటిసారి విన్నాను. “సపోజ్ అని రైలెక్కితే మెల్బోర్న్ దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉంటావు. అదే ముఖంతో లియో ముందు నిలబడతావు. నీ ముఖం చూసే కదా వాడు కాలు ఇవ్వాలి? సగం ఒప్పుకోలు తీసుకెళ్లకు, ఎనిడ్. మొత్తమన్నా ఇవ్వు, అసలు వద్దనన్నా అను.”

ఎనిడ్ విసురుగా వచ్చి అతని చేతిలోంచి టోపీ లాక్కుంది. వెల్లకిలా తిప్పి లోపలికి చూసింది.

“ఏముందయ్యా ఇందులో, చెమట కంపు తప్ప!”

“అంతే ఉంటుంది,” అన్నాడు బ్రోస్.

ఆవిడ మాత్రం అలాగే చూస్తోంది. నేను కేకు బల్ల మీద పెట్టడం మర్చిపోయాను. కిటికీ బయట లియో కుక్క ఒళ్లు విదిలించుకున్న చప్పుడయింది. ఎనిడ్ టోపీని బ్రోస్ ఛాతీకి గుద్దినట్టు ఆనించి, మేకుకి వేలాడుతున్న లియో ఈల తీసి అతని మెడలో వేసింది. కుక్క ఆ ఈలకి తప్ప రాదు.

“రైటో,” అంది. తర్వాత నాకేసి తిరిగి, “నువ్వెందుకొచ్చావే ఇక్కడికి?” అంది.

“కేకు,” అన్నాను.

ఆ మధ్యాహ్నమే బ్రోస్ చీటీల డబ్బా ఆల్ఫ్ ముందు పెట్టాడు. సంగతి చెప్పాడు.

“అయితే ఇక నువ్వు ఆ వైపు మనిషివి,” అన్నాడు టిచ్.

“అవును.”

“మాతో తినవు.”

“తినను.”

“అన్నీ తెలిసే చేస్తున్నావన్నమాట, మొద్దు వెధవా,” అన్నాడు టిచ్. బ్రోస్ రైటో అన్నాడు.

గురువారం మళ్లీ చీటీలు వేశారు. బ్రోస్ షెడ్డు బయట టోపీ చేత్తో పట్టుకుని, వానలో, ఇతర యజమానుల్లాగే నిలబడ్డాడు. ఆల్ఫ్ బయటికి వచ్చి నేలకేసి చూస్తూ, “ఆరు, రెండు. తడి,” అన్నాడు. చెప్పడానికి అతనికెంత కష్టమైందో. “రైటో,” అన్నాడు బ్రోస్. గొణగలేదు, ఆకాశాన్ని తిట్టలేదు. అన్నీ ఎవరివో గొర్రెలైనట్టే విన్నాడు, అన్నీ తనవైనట్టే పని చేశాడు. కుక్కని తీసుకుని వంద తర్వాత వంద చొప్పున, దుంగల మీద నిలబెట్టిన షెడ్డు కిందికీ పైకీ తోలి, గాలి తగిలేలా పలచగా నిలబెట్టాడు. పైవి ఆరగానే కిందవి పైకి. రెండు రోజులూ అదే పని. భోజనం వేళ ఎనిడ్ వంటగదిలో ఒక్కడే చల్లారిన మాంసం కోసుకు తినేవాడు. జట్టు భోజనాల గదిలోంచి నవ్వులు వినిపిస్తే కత్తి ఒక్క క్షణం ఆగేది. అది నేను చూశాను. వెళ్లవలసిన పని లేకపోయినా చూశాను.

శుక్రవారం తెల్లవారుజామున ఎనిడ్‌ని స్టేషనులో దించింది నేనే. దారి పొడుగునా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. అది కూడా నేను కనిపెట్టే ఉన్నాను.

ఆసుపత్రిలో జరిగింది ఎనిడ్ నాకు మూడు విడతల్లో చెప్పింది, మూడుసార్లూ నేనే గుచ్చి గుచ్చి అడిగితే. ఆవిడ వార్డులోకి వెళ్లగానే లియో అడిగింది కాలు సంగతి కాదు.

“గొర్రెలు?”

“బ్రోస్ చూస్తున్నాడు.”

“వాడు సరేనన్నాడా?”

“రైటో అన్నాడు.”

“మరి నువ్వు?”

“నేనూ అన్నాను.”

“నువ్వా! రైటో అనా!” లియో నవ్వడం మొదలుపెట్టాడట. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడట. “అయితే ఆ కాగితం ఇలా ఇవ్వు,” అన్నాడట. కాలు మోకాలి కిందనే ఆగింది. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు కొయ్యకాలితో మా ఊరంతా టకటకలాడించాడు.

శుక్రవారం మధ్యాహ్నం పొడి వచ్చింది. సోమవారానికి పదమూడు వందలూ పూర్తయ్యాయి. జట్టులో ఎవరూ జబ్బు పడలేదు. ఎనిడ్ తిరిగొచ్చేసరికి ఈల మేకుకి ఉంది, బ్రోస్ కూలీల గదిలో మూట కట్టుకుంటున్నాడు. యజమాని నిలబడే చోట ఒక్క గంట కూడా ఎక్కువ నిలబడలేదు.

జట్టు అతన్ని పనిలోకి తిరిగి తీసుకుంది గానీ పెద్దరికం మళ్లీ ఇవ్వలేదు. ఆచారం ఆచారమే. పదేళ్ల తర్వాత ఆల్ఫ్ చూపు తగ్గాక చీటీలు చదవడానికి బ్రోస్‌ని పిలిచేవాడు. చదివి డబ్బా ఆల్ఫ్‌కే ఇచ్చేసేవాడు. లియో, ఎనిడ్ ఏటి పక్కన నూరెకరాలు రాసిస్తామన్నారు. టోపీలోకి చూసి, తల అడ్డంగా ఊపాడు. “కుక్కకి పిల్లలు పుడితే ఒకటివ్వండి,” అన్నాడు. ఇచ్చారు. అది నా కోళ్లని మూడింటిని చంపింది.

బ్రోస్ ఎనభై ఏడో సంవత్సరం శీతాకాలంలో పోయాడు. ఖననం, హాల్లో టీలు, జామ్ రొట్టెలు అన్నీ అయ్యాక ఎనిడ్ కర్ర పొడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది. అప్పటికి లియో లేడు. వంటగదిలో కూర్చుని, చేతి తొడుగులు ఒక్కో వేలూ లాగి తీసి ఒళ్లో పెట్టుకుంది.

“ఆ రోజు చీటీలు కాల్చింది నువ్వే కదా?”

“అవును.”

“చూడకుండా కాల్చావంటే నమ్మడానికి నేను నిన్న పుట్టలేదు, మెర్ల్.”

ఇక ఏం దాస్తాను? అలమర పై అరలోంచి గుండీల డబ్బా దించాను. మూత తీయబోతే ఆవిడ తన చెయ్యి దాని మీద పెట్టింది. ముసలి చెయ్యే గానీ బరువుగానే ఉంది.

“ఆ పొద్దున గొర్రెలు తడిగానే ఉన్నాయి,” అంది. “ఉత్తరం పట్టుకుని షెడ్డులోకి వచ్చేముందు దొడ్లో నాలుగింటి ఉన్నిలో చెయ్యి పెట్టి చూశాను. మోచేతిదాకా తడిసింది.”

నాకు నోట మాట రాలేదు. నాకు!

“మరి తెలిసి... అతన్ని అంతగా ఎందుకు అడిగావు?”

“పొడి అని రాశానంటాడేమోనని చూశాను.”

“అని ఉంటే?”

“రైలెక్కేదాన్ని కాదు. నన్ను చల్లబరచడానికి ఒక అబద్ధం ఆడేవాడి చేతిలో లియో గొర్రెల్ని ఎలా పెట్టను?” కిటికీలోంచి బయటికి చూసింది. “కసి అనే మాట అనకుండా ఉండవలసింది. అది వేరే సంగతి. తర్వాత అతనికి చెప్పాను కూడా. టోపీ తీశాడు. ఎంతసేపు చూశాడో, మెర్ల్! నా ప్రాణం పోయింది.”

“రైటో అన్నాడా?”

“అన్నాడు.”

డబ్బా మీంచి చెయ్యి తీసింది. నేను చీటీ బయటికి తీశాను, తిప్పకుండా, రాణి గారి సగం ముఖం పైకి ఉండేలా. ఇరవయ్యారేళ్లకి పసుపు పట్టింది. ఎనిడ్ దానికేసి చూసింది. అటువైపు తిప్పమంటుందేమోనని నేను కాచుకుని ఉన్నాను. నిజం చెప్పాలంటే, చదివేటప్పుడు ఆవిడ ముఖం చూడాలని నా ప్రాణం కొట్టుకుంటోంది.

“పొయ్యిలో వెయ్యి,” అంది. “అది అక్కడికే వెళ్లాలి. ఆలస్యం చేశావు.”

ఒక్కసారి చూడరాదా అని నాలుక చివరిదాకా వచ్చింది. నా దగ్గర టోపీ లేదు. గుండీల డబ్బాలోకే చూశాను. ఎర్రవి, నల్లవి, స్టాన్ పాత కోటువి.

“రైటో,” అన్నాను.

పొయ్యి మూత తీసి వేశాను. రాణి గారి కన్ను ముందు ముడుచుకుంది. ఎనిడ్ అది పూర్తిగా కాలేదాకా లేవలేదు. ఆ తర్వాత టీ అడిగింది, కేకు అడిగింది. తిని, ఇన్నేళ్లయినా నీకు ద్రాక్ష వేయడానికి చెయ్యి రాదే అని, తొడుగులు వేసుకుని వెళ్లిపోయింది.